తాతయ్య వాచీకి రోజూ కీ ఇస్తున్నా!

పొద్దున్నే బ్రష్ చేసుకోగానే తాతయ్య వాచీకి కీ ఇస్తాను. ఒక్కరోజు మర్చిపోయానా, మర్నాటికల్లా ఆగిపోతుంది. ‘ఇంకా ఇలాంటివి పెట్టుకునేవాళ్లు ఉన్నారా?’ అని ఆఫీసులో ఆటపట్టిస్తుంటారు. ఉన్నారు మరి, ఇదిగో నేను!

అది హెచ్‌ఎంటీ జనతా. స్కూలు మాస్టారుగా చేరిన కొత్తలో తాతయ్య కొనుక్కున్నారట. రిటైరయ్యేదాకా చేతికి అదే. ఆయన పోయాక అమ్మమ్మ దాన్ని చేతిరుమాల్లో చుట్టి బీరువాలో దాచింది. నాకు ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి వెళ్తే బయటికి తీసి, ‘లోపల ఉంటే ఏం లాభంరా, పెట్టుకుని తిరుగు’ అంది.

బెంగళూరులో హెచ్‌ఎంటీ వాచీల ఫ్యాక్టరీ 1961లో మొదలైంది. సాంకేతిక సాయం జపాన్ కంపెనీ సిటిజన్‌ది. పెళ్లిలో అల్లుడికైనా, పరీక్ష పాసైన పిల్లాడికైనా ఒకప్పుడు ఈ వాచీలే కానుక. బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీలొచ్చాక వీటికి గిరాకీ పడిపోయింది. 2016లో హెచ్‌ఎంటీ వాచెస్ మూసివేతకు కేంద్ర కేబినెట్ ఆమోదం తెలిపింది. అందుకే ఇప్పుడు ఏ చిన్న పార్టు పాడైనా వెతుక్కోవాల్సిందే.

వానలో తడిపేశా

ఆ సంగతి తెలియక మొదటి నెలలోనే తప్పు చేశా. వానలో బైక్ మీద వస్తూ వాచీ తియ్యలేదు. అద్దం లోపల ఆవిరి పట్టింది. అదే పోతుందిలే అని రెండ్రోజులు ఊరుకున్నా. మూడోరోజు ఆగిపోయింది.

రిపేరు షాపుకి పరిగెత్తా. ‘డయల్ మీద మరకలున్నాయి బాబూ, కొత్తది వేసేస్తా, తళతళలాడిపోద్ది’ అన్నాడాయన. సరే అనబోయి, ఎందుకో అమ్మమ్మకు ఫోన్ చేశా.

‘నాలుగు అంకె దగ్గర మరక ఉంది చూడు. పుష్కరాలప్పుడు వాచీ తియ్యకుండానే గోదాట్లో మునిగారు మీ తాతయ్య. ఆ రోజు నా చేత ఎన్ని తిట్లు తిన్నారో!’ అంటూ నవ్వింది. తాతయ్య పోయాక ఆమె అంతలా నవ్వడం నేను వినలేదు. ఇక డయల్ మార్చడమా!

వాచీ తీసుకుని ఇంకో షాపుకెళ్లా. అక్కడి పెద్దాయన పార్టులన్నీ విప్పి, తుప్పు తుడిచి, నూనె వేసి, మళ్లీ బిగించారు. డయల్ జోలికి మాత్రం వెళ్లలేదు.

మీ ఇంట్లోనూ ఉందా?

అయితే ఇవి గుర్తుపెట్టుకోండి.

• రోజూ ఒకే టైముకి, వాచీ చేతి నుంచి తీసి కీ ఇవ్వండి. బిగుసుకున్నట్టు అనిపించగానే ఆపేయండి.

• నీళ్లకు దూరంగా ఉంచండి. ఆవిరి కనిపిస్తే నాలా ఆగకుండా ఆ రోజే షాపుకి తీసుకెళ్లండి.

• రాత్రి ఫోన్ పక్కనో, స్పీకర్ మీదో పెట్టొద్దు. లోపలుండే సన్నటి హెయిర్‌స్ప్రింగ్‌కి అయస్కాంతం పట్టిందంటే టైము పరుగెడుతుంది. రిపేరు షాపులో చిన్న మెషిన్‌తో దాన్ని పోగొట్టొచ్చు.

• నాలుగైదేళ్లకోసారి సర్వీసింగ్ చేయించండి. బాగానే నడుస్తున్నా సరే, నూనె ఎండిపోతే పార్టులు అరిగిపోతాయి.

• డయల్, ముళ్లు మీకు చెప్పకుండా మార్చొద్దని షాపులో ముందే చెప్పండి. ఏదైనా మార్చక తప్పకపోతే పాతది అడిగి తెచ్చుకోండి.

• ఆన్‌లైన్‌లో తళతళలాడే పాత హెచ్‌ఎంటీ కనిపిస్తే తొందరపడొద్దు. కొత్తగా అచ్చేసిన డయల్‌తో అతికించినవి చాలానే తిరుగుతున్నాయి.

నా వాచీ రోజుకు ఓ నిమిషం అటూఇటూ అవుతుంది. ఫోన్ చూసి సరిచేస్తా. ఆదివారం వీడియో కాల్‌లో అమ్మమ్మ మొదట అడిగేది నా గురించి కాదు, ‘నడుస్తోందా?’ అని. వాచీని ఫోన్ మైక్ దగ్గర పెడతా. సెకనుకు ఐదుసార్లు టిక్కుటిక్కుమంటుంటే ఆవిడ కళ్లు మూసుకుని వింటుంది.

ఫోన్ దగ్గర పెట్టకూడదని పైన నేనే చెప్పా కదూ? ఆ ఒక్క నిమిషానికి మాత్రం మినహాయింపు!