బాటసారి పుస్తకము

నాయుడుపేట బస్సుస్టాండున ఒక విదేశీయుడు పుస్తకము చేతబట్టి కాళహస్తి బస్సునకై వెదకుచున్నాడనుకొనుడు. బోర్డుపై తెలుగక్షరములు అతడెరుగడు. ఆ మార్గదర్శక గ్రంథమే అతనికి దిక్కు.

లండనులో జాన్ మర్రే 1836లో ఇట్టి గ్రంథమును ప్రకటించెను. అంతకు మునుపే, 1830లో, మన ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్టణమునుండి తిరుపతి మీదుగా కాశికేగి, పదునైదు నెలల యాత్రలో మజిలీలు, సత్రములు, నీటి వసతులు వ్రాసియుంచెను. 1838లో అది ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యెను.

బాలలారా! గ్రంథమెంత మంచిదైనను బస్సు వేళలు మారును. అప్పుడు బాటసారి మిమ్మే అడుగును. తెలియనిచో తెలియదనుడు, ఊహించి చెప్పిన మాట అతనిని చీకటివేళ వేరొక ఊర దింపును. తెలిసినచో బస్సుదాక తోడుపొండు. రేపు అన్యదేశమున పుస్తకము చేతబట్టి నిలుచువారు మీరే కావచ్చును.