గోడ ఒకటే, పొయ్యిలు రెండు

కనగానపల్లిలో ఎవురినైనా "మీ ఇంట్లో ఎంతమంది?" అని అడగండి. రేషన్ కార్డులో ఉండే లెక్క చెప్తారు. రాత్రికి ఆ ఇంట్లో పండుకునేటోళ్లను లెక్కేస్తే ఇంకో లెక్క వస్తాది. వంట కాడికి పోయి చూస్తే మూడో లెక్క. ఈ మూడూ కలవక నష్టపోయేది ఎక్కువగా ముసలోళ్లే. అందుకే దీని గురించి మాట్లాడుకోవాల.

జనాభా లెక్కల్లో కుటుంబం అంటే, కలిసి ఉంటూ ఒకే వంట తినేటోళ్లు. మనం "వేరు కుంపటి పెట్టినారు" అనేది కూడా ఇదే గదా.

ఇప్పుడు వయసు ప్రకారం చూద్దాం.

20 దాటిన పిల్లోళ్లు అమ్మానాయన కాడ ఉంటారు, లేకుంటే అనంతపురంలోనో బెంగళూరులోనో రూములో ఉంటారు. నలుగురు కలిసి అద్దె కట్టి, ఒకే కుక్కర్లో వండుకుంటారు. జనాభా లెక్క ప్రకారం ఆ నలుగురూ ఒక కుటుంబమే.

పెండ్లయి ఒకరిద్దరు బిడ్డలు పుట్టినాక అన్నదమ్ములు వేరు పడతారు. మిద్దె మధ్యలో గోడ లేస్తాది. పని దొరకనోళ్లు ఆలుమగలిద్దరూ బెంగళూరుకు బిల్డింగ్ పనులకు పోతారు. బడికి పోయే బిడ్డలు అవ్వ కాడ మిగులుతారు. అప్పుడు ఇంట్లో ఉండేది 65 ఏండ్ల అవ్వ, 8 ఏండ్ల మనవడు. మధ్య తరం ఫోన్లో ఉంటాది.

45 నుంచి 60 లోపు వాళ్లది నడిమి బతుకు. ఒకపక్క బిడ్డల ఫీజులు, ఇంకోపక్క ముసలోళ్ల మందులు.

60 దాటినాక మూడు దారులు. ఒకటి, ఒక కొడుకు కాడ స్థిరంగా ఉండేది. రెండు, వంతులు: ఈ నెల పెద్దోని ఇంట్లో, వచ్చే నెల చిన్నోని ఇంట్లో. మూడు, ఒంటిగా వండుకునేది. పెండ్లిలో మొగుని వయసే ఎక్కువ కాబట్టి, ఆయన ముందు పోయి ఒంటిగా మిగిలేది ఎక్కువగా ఆడోళ్లే.

దీనికి "ఈ కాలం పిల్లోళ్లకు ప్రేమ లేదు" అంటే సరిపోదు. ఉమ్మడి కుటుంబం నిలబడింది ప్రేమ ఒక్కదానితోనే గాదు. ఒకే భూమి, ఒకే బాయి, ఒకే జత ఎద్దులు, అందరి చేతులూ కావాల్సిన సేద్యం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ సీమలో శెనక్కాయ పోయిన ఏడు అందరూ ఒకే కప్పు కింద ఉంటే అందరూ పస్తే. అందుకే చెదిరినారు. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019లో కియా కార్లు తయారు కావడం మొదలైనాక, ఆ చుట్టుపక్కల పని దొరికినోడు రాత్రికి ఇంటికే వస్తాండాడు. పని దగ్గరుంటే కుటుంబం దగ్గరుంటాది.

మరి కాగితాలు ఏం చేస్తాండాయి? మన రాష్ట్రంలో వృద్ధాప్య పింఛన్ 60 ఏండ్లకు వస్తాది, 2024 నుంచి నెలకు 4,000 రూపాయలు. మామూలుగా ఒక కార్డుకు ఒకటే. తాతకు వస్తే, అదే కార్డులో ఉండే అవ్వకు రాదు. వంతుల మీద తిరిగే అవ్వ పింఛన్ ఏ నెల ఎవురి చేతికి పోతాదో ఊర్లో అందరికీ తెలుసు.

పెద్ద దెబ్బ భూమి కాడ పడుతుంది. "ఎట్లైనా వాళ్లే గదా చూసుకునేది" అని ఉన్న రెండెకరాలు కొడుకు పేరు మీద రాసిస్తారు. ఆ తర్వాత బువ్వకు ఎదురు చూస్తారు. 2007లో వచ్చిన తల్లిదండ్రులు, సీనియర్ సిటిజన్ల పోషణ చట్టం ఇందుకే. సెక్షన్ 23 ప్రకారం, చూసుకుంటారనే షరతు మీద రాసిచ్చి, చూసుకోకపోతే ఆ రిజిస్ట్రేషన్ రద్దు చేయించొచ్చు. ఈ షరతు ఉండి తీరాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో ఇంకో కేసులో, ఈ చట్టాన్ని ముసలోళ్లకు మేలు జరిగేటట్లు చదవాలని కూడా చెప్పింది. మనం కోర్టు దాకా పోయే పని లేకుండా, ఆ షరతును దస్తావేజులోనే ఒక్క వాక్యం రాయించాల.

తిండి పెట్టకపోతే ఆర్డీఓ ఆఫీసులో అర్జీ ఇయ్యొచ్చు. నోటీసు అందినాక మామూలుగా 90 రోజుల్లో తేల్చాల. నెలకు 10,000 దాకా ఇప్పించొచ్చు. ఈ బాధ్యత కొడుకుకే గాదు, కూతురికీ, పెద్దయిన మనవళ్లు మనవరాళ్లకూ ఉంది. కూతురికి ఆస్తిలో వాటా 1986లోనే మన రాష్ట్ర చట్టం ఇచ్చింది. వాటా అడిగితే "ఆడబిడ్డకెందుకు" అనేటోళ్లు, అమ్మను చూసే కాడికి కూతురినే పిలుస్తాండారు. ఇది న్యాయమా?

తమ్ముడూ, చెల్లీ, ఈ లెక్క రేపు మీదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఒక ఆడమనిషికి సగటున 1.7 బిడ్డలని తేలింది. ఒక్క బిడ్డే ఉంటే వంతులు ఎవురు పంచుకుంటారు?

కాబట్టి చేతనైంది చేద్దాం. ఇంట్లో భూమి మాట వచ్చినప్పుడు ఆ షరతు వాక్యం మీరే గుర్తు చేయండి. అవ్వ పింఛన్ అవ్వ చేతిలోనే ఉండేటట్లు చూడండి. ముసలోళ్ల హెల్ప్‌లైన్ 14567 నంబరు వాళ్ల ఫోన్లో వేసి పెట్టండి. 2027 జనాభా లెక్కలకు మనిషి ఇంటికొచ్చినప్పుడు, వేరేగా వండుకునే అవ్వను మీ లెక్కలో కలిపేయొద్దండి. ఆమె పొయ్యి వేరే అని ఉన్నదున్నట్లు చెప్పండి. ఊర్లో ఎంతమంది ముసలోళ్లు ఒంటిగా ఉండారో తేలితేనే, వాళ్లకు ఏం కావాలో అడిగేకి మన చేతిలో ఒక లెక్క ఉంటాది.