మన కాళ్ల కింది పాత చీలిక

2024 డిసెంబరు 4, బుధవారం, ఉదయం 7 గంటల 27 నిమిషాలు. ఫజ్ర్ నమాజు ముగిసి చాలాసేపయింది. మదర్సాలో పిల్లలు పాఠం అప్పజెబుతున్నారు. ఎదుట ఉన్న రెహళ్లు ఒక్కసారిగా వణికాయి. కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి. పిల్లలందరూ ఆవరణలోకి పరుగెత్తారు. ములుగు జిల్లా మేడారం పరిసరాలు కేంద్రంగా వచ్చిన ఆ భూకంప తీవ్రత 5.3. హైదరాబాదు, విజయవాడలలో కూడా ప్రకంపనలు తెలిశాయి.

“హజ్రత్, మన దగ్గర అగ్నిపర్వతం లేదు కదా, నేల ఎందుకు కదిలింది?” అని ఒక బాలుడు అడిగాడు. ‘జిల్‌జాల్’ సూరాను కంఠస్థం చేసినవాడతడు. ఆ సూరా ప్రళయదినాన్ని గురించి చెబుతుందని, నేటి కదలికకు కారణం మన నేల చరిత్రలో వెతకాలని అతనికి చెప్పాను.

భూమి పైపొర ఒకే అఖండ శిల కాదు. అది కొన్ని పెద్ద ఫలకాలుగా, మరికొన్ని చిన్న ఫలకాలుగా విడిపోయి ఉంది. లోపలి వేడి కారణంగా ఈ ఫలకాలు అతి మెల్లగా కదులుతూ ఉంటాయి. కొన్నిచోట్ల అవి దూరమవుతాయి, కొన్నిచోట్ల ఢీకొంటాయి. మనం చూసే పర్వతాలు, లోయలు, సముద్రగర్భాలు చాలావరకు ఈ కదలికల ఫలితాలే.

కోట్లాది ఏళ్ల క్రితం భారత భూభాగం ఆఫ్రికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియాలతో కలిసి ఒకే మహాఖండంగా ఉండేది. శాస్త్రజ్ఞులు దానికి ‘గోండ్వానా’ అని పేరు పెట్టారు. మన పొరుగు అడవులలో నివసించే గోండుల దేశం నుండే ఆ పేరు వచ్చింది. సుమారు ముప్పై కోట్ల ఏళ్ల క్రితం ఇక్కడి నేల సాగి చీలింది. రెండు వైపుల గట్టి రాళ్లు నిలిచి ఉండగా నడిమి భాగం కుంగిపోయింది. ఆ పల్లంలో ఇసుక, బురద, అడవుల అవశేషాలు పొరలుపొరలుగా పేరుకొన్నాయి. రామగుండం, భూపాలపల్లి, మణుగూరు, కొత్తగూడెం గనుల బొగ్గు అలా ఏర్పడినదే. గోదావరి నేటికీ చాలా దూరం ఆ పాత పల్లం వెంటనే ప్రవహిస్తోంది.

తరువాత మహాఖండం ముక్కలైంది. భారత ఫలకం ఉత్తరానికి సాగి, సుమారు ఐదు కోట్ల ఏళ్ల క్రితం ఆసియాను ఢీకొన్నది. ఆ ఒత్తిడికి హిమాలయాలు పైకి లేచాయి. వాటి శిఖరాల సున్నపురాళ్లలో సముద్రజీవుల శిలాజాలు నేటికీ కనిపిస్తాయి. మన ఫలకం ఇప్పటికీ ఏడాదికి సుమారు ఐదు సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతూనే ఉంది. ఆ ఒత్తిడి ఫలకమంతటా వ్యాపించి, గోదావరి లోయలోని పాత చీలికల వంటి బలహీనమైన చోట్ల పేరుకొంటుంది. శిల ఇక భరించలేనప్పుడు జారుతుంది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. అంటే ఈ లోయకు భూకంపం కొత్త కాదు.

ఆ బుధవారం రాత్రి మా వీధిలో కొందరు చలిలో ఆరుబయటే గడిపారు. ఫలానా గంటకు మరో పెద్ద భూకంపం వస్తుందని ఫోన్లలో సందేశాలు తిరగడమే అందుకు కారణం. భూకంపం వచ్చే రోజును, గంటను ముందుగా చెప్పగల విద్య నేటికీ ఎవరి వద్దా లేదు. అటువంటి సందేశాన్ని నిర్ధారించుకోకుండా పంపడం ఇతరులను భయపెట్టడమే అవుతుంది.

మన చేతిలో ఉన్నది జాగ్రత్త. 1993 సెప్టెంబరు 30 తెల్లవారక ముందే మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతంలో దాదాపు పది వేల మంది మరణించారు. వారిలో అత్యధికులపై కూలినవి వారి సొంత ఇళ్ల మట్టి, రాతి గోడలే. కనుక ఇల్లు కట్టేటప్పుడు పునాదిపైన, తలుపుల పైభాగాన గోడల చుట్టూ ఇనుప కడ్డీలతో కాంక్రీటు పట్టీ వేయించండి. బరువైన బీరువాను గోడకు బిగించండి. మంచాల పైన బరువులు పెట్టకండి. కుదుపు వచ్చినప్పుడు గట్టి బల్ల కింద తల కాచుకోవాలని, అది ఆగాక ఆరుబయటకు రావాలని పిల్లలకు నేర్పండి.

ఆనాడు మా పిల్లలకు ఇది నేర్పి ఉండలేదు. అందుకే వారు కుదుపు ఆగకముందే ద్వారం వద్ద తోసుకున్నారు. ఆ లోపం నాదే. దుఆతో పాటు ఈ పాఠం కూడా ఇప్పుడు మా మదర్సాలో చెబుతున్నాము.