కోరక వచ్చు జాబులు - మాన్పించుకొను విధము



మన చిన్ననాట పత్రికకు చందా కట్టినచో సంవత్సరము తీరగానే పత్రిక తనంత నిలిచిపోయెడిది. ఈనాటి ఈ-మెయిలు జాబుల చందాకు రుసుము లేదు. కావుననే గడువును లేదు. సెల్‌ఫోనులో నొక వస్తువు కొనునపుడు, మన చిరునామా వ్రాయు చోటికి క్రింద చిన్నగడి యొకటి యుండును. పలుచోట్ల నందు ముందే గుర్తు పెట్టియుందురు. మనము దానిని తొలగింపమేని, ప్రకటనలు పంపుటకు సమ్మతించినట్లే వారు లెక్కించుకొందురు.

ఉచితమే గదా, వచ్చి పడియుండనిమ్మని కొందరందురు. నాకా మాట సమ్మతము గాదు. ప్రభుత్వ పింఛనుదారులు సాధారణముగా నేటేట నవంబరులో జీవన ధ్రువపత్రము దాఖలు చేయవలసియున్నది. ఆ సంగతి జ్ఞప్తికి దెచ్చు జాబు, చీరల బేరములును అప్పుల యాశలును నిండిన పెట్టెలో కానరాక పోయెనేని, చేతికి రావలసిన పింఛను నిలిచిపోవచ్చును.

ఈ జాబులను ఏ గుమాస్తాయు కూర్చుండి వ్రాయడు. పంపువారి యొద్ద చిరునామాల పట్టిక యుండును. యంత్రము దానిని బట్టి యొక్క జాబునే లక్షలమందికి పంపును. పేరు చేర్చుటయు, తీసివేయుటయు గూడ యంత్రమే చేయునట్లు 1986లో పారిసు నగర విద్యార్థియగు ఎరిక్ థామస్ ‘లిస్ట్‌సర్వ్’ అను ప్రోగ్రామును రచించెను. అంతకుమున్ను పట్టికను చూచుకొను మనుష్యునికి వ్రాసి, అతనికి తీరిక కలుగువరకు వేచియుండవలసి వచ్చెడిది.

మాన్పించుకొను మార్గము జాబు తుదను, మిక్కిలి సన్నని యక్షరములతో, ‘అన్‌సబ్‌స్క్రైబ్’ అను మాటగా నుండును. వ్యాపారి తన అంగడి బోర్డును మాత్ర మంత సన్నగా వ్రాయించడు! గూగుల్, యాహూ సంస్థలు 2024 ఫిబ్రవరిలో పెట్టిన నియమము మనకు మేలు చేసినది. పెద్దయెత్తున ప్రకటనలు పంపువారు, అనగా గూగుల్ లెక్కలో జీమెయిలు చిరునామాలకు దినమునకు 5,000 జాబులు పంపువారు, ఒక్క నొక్కుతో మానుకొను వసతి కల్పింపవలెను. రెండు దినములలో పేరు తీసివేయవలెను. అందుచేత ననేక జాబుల పైభాగమున, పంపినవారి పేరు ప్రక్కనే, యా మాట కనబడును.

పేరు తీసివేయుటకు చిరునామా చాలును. ఓటీపీగాని, బ్యాంకు కార్డు సంఖ్యగాని యడిగిరేని, ఏమియు వ్రాయక వెనుకకు మరలవలెను.

ఎన్నడు నెరుగనివారి జాబు వచ్చినపుడు ఆ మాట నొక్కరాదు. ‘నాకు పంపకుడు’ అని ప్రత్యుత్తరమును వ్రాయరాదు. ఇంటిలో మనుష్యులున్నారని దొంగకు మనమే పలికి తెలిపినట్లగును. దానిని ‘స్పామ్’ అని గుర్తించి విడువవలెను. మనము ఖాతా పెట్టుకొన్న బ్యాంకు పంపు ప్రకటనల విషయమున నీ యుపాయము తగదు. వానిని స్పామ్ అన్నచో, రేపు వచ్చు నవసరమైన జాబుకూడ నా పెట్టెలోనికే పోవచ్చును. అట్టివానిని అన్‌సబ్‌స్క్రైబ్ ద్వారానే మాన్పించుకొనవలెను. ప్రకటనలు నిలిచినను రసీదులు, ఖాతా సమాచారములు వచ్చుచునే యుండును.

స్పామ్ పెట్టెనైనను వారమున కొకమారు తెరచి చూడుడు. జీమెయిలులో 30 దినములు దాటిన జాబులు అందుండి తమంత తొలగిపోవును.