ఇండక్షన్ కొంటున్నారా? ముందు ప్లగ్ చూడండి!

మాదాపూర్, గచ్చిబౌలి వైపు అద్దె ఇళ్లలో వంటిల్లంటే నాలుగడుగుల గట్టే. అందుకే చాలామంది ఇండక్షన్ స్టవ్ వైపు చూస్తుంటారు. మంచిదే. కానీ షాపులో 'రెండు వేల వాట్లు సార్, చిటికెలో మరుగుతుంది' అనగానే తీసేసుకోకండి.

ముందు గోడ చూడండి. 2000 వాట్ల స్టవ్ 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. మిక్సీ పెట్టే చిన్న సాకెట్ 6 ఆంపియర్లదే. కన్వర్టర్ తగిలించి అందులోనే నడిపిస్తే సాకెట్, వైరు వేడెక్కి కాలిపోవచ్చు. గీజరుకు వాడేలాంటి 16 ఆంపియర్ల పవర్ ప్లగ్ ఉండాల్సిందే. వైరింగ్ పాతదైతే ఎలక్ట్రీషియన్‌కు చూపించి, ఓనర్‌తో మాట్లాడాకే కొనండి. మామూలు ఎక్స్‌టెన్షన్ బోర్డు అసలొద్దు.

తర్వాత గిన్నెలు. ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసి గిన్నె అడుగున పెట్టండి. గట్టిగా అతుక్కుని, అడుగు చదునుగా ఉంటే పనికొస్తుంది. మామూలు అల్యూమినియం కుక్కరు, రాగి, మట్టి పాత్రలు దీనిమీద వేడెక్కవు. కొత్త గిన్నెల ఖర్చు కూడా బడ్జెట్లో వేసుకోండి.

పైన గాజు పలక ఎంత పెద్దదైనా, వేడి పుట్టేది లోపల కాయిల్ ఉన్నంత మేరే. అది చిన్నదైతే దోసె మధ్యలో మాడుతుంది, అంచులు పచ్చిగా ఉంటాయి. కాయిల్ కొలత అడగండి.

బిల్లు సంగతా? 2000 వాట్ల మీద అరగంట వండితే ఒక యూనిట్. కరెంటు పోతే మాత్రం ఇంట్లో ఉండే చిన్న ఇన్వర్టర్ దీన్ని మోయలేదు.

వంటయ్యాక లోపలి ఫ్యాన్ ఆగేదాకా ప్లగ్ స్విచ్ ఆపొద్దు. ఇంట్లో ఎవరికైనా పేస్‌మేకర్ ఉంటే, డాక్టర్ని అడిగాకే షాపుకెళ్లండి.