ఫైబ్రోఅడినోమానా, ఫిల్లోడ్సా? రొమ్ము గడ్డను శస్త్రచికిత్సకు ముందే గుర్తించడం ఎందుకు కీలకం

సూరత్: రొమ్ములో చేతికి తగిలే ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు. అలాగని నునుపుగా, నొప్పి లేకుండా, వేలి కింద కదిలే ప్రతి గడ్డనూ నిరపాయకరమని వదిలివేయడానికీ వీలులేదు. ఫైబ్రోఅడినోమా, ఫిల్లోడ్స్ అనే రెండు రకాల కణితులు స్పర్శకే కాక స్కానింగ్‌లోనూ తరచుగా ఒకే విధంగా కనిపిస్తాయి. చికిత్స మాత్రం వేర్వేరు. అందువల్ల శస్త్రచికిత్సకు ముందే వాటిని వేరుచేసి గుర్తించడం అత్యంత ముఖ్యం.

గుజరాత్‌లోని సూరత్ నగరంలో వడోద్ వంటి శ్రామిక ప్రాంతాల మహిళలకు ఇది కేవలం వైద్యశాస్త్ర చర్చ కాదు. నేత పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి తరలివచ్చిన తెలుగువారితో పాటు, వివిధ రాష్ట్రాల వలస కుటుంబాలు ఈ నగర వస్త్ర పరిశ్రమపై ఆధారపడి జీవిస్తున్నాయి. రోజు కూలి వదులుకుని ఆసుపత్రికి వెళ్లే మహిళకు, మొదటి ఆపరేషన్ చాలక రెండోది చేయించుకోవలసి రావడం పెనుభారమే.

రెండింటి స్వభావం

పాల గ్రంథుల కణజాలం, దాని చుట్టూ ఉండే ఆధార కణజాలం కలిసి పెరగడం వల్ల ఈ రెండు కణితులూ ఏర్పడతాయి. ఫైబ్రోఅడినోమా ఎక్కువగా 15 నుంచి 35 ఏళ్ల వయసులో కనిపిస్తుంది. సాధారణంగా నెమ్మదిగా పెరిగి, 2 నుంచి 3 సెంటీమీటర్ల వద్ద ఆగిపోతుంది. నిర్ధారణ అయిన తర్వాత చాలామందికి ఆపరేషన్ లేకుండా క్రమం తప్పని పరీక్షలే సరిపోతాయి.

ఫిల్లోడ్స్ అరుదైనది. రొమ్ము కణితులన్నింటిలో దీని వాటా సుమారు ఒక శాతం లోపే. ఇది ఎక్కువగా 40 నుంచి 50 ఏళ్ల మధ్య వస్తుంది, వేగంగా పెరుగుతుంది. 1838లో జర్మన్ శాస్త్రవేత్త యోహానెస్ ముల్లర్, ఆకును పోలిన దీని అంతర్నిర్మాణాన్ని బట్టి గ్రీకు పదం ఆధారంగా ఈ పేరు పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని నిరపాయకర, మధ్యస్థ, ప్రాణాంతక రకాలుగా వర్గీకరించింది. ప్రాణాంతక రకం రక్తం ద్వారా ముఖ్యంగా ఊపిరితిత్తులకు వ్యాపించగలదు.

పొరబడితే జరిగేదేమిటి?

ఫైబ్రోఅడినోమాను తొలగించవలసి వస్తే గడ్డను మాత్రమే తీస్తే చాలు. ఫిల్లోడ్స్‌ను చుట్టూ ఉన్న కొంత ఆరోగ్యకరమైన కణజాలంతో సహా తొలగించాలి. అంచుల్లో కణితి కణాలు మిగిలితే అది అదే చోట మళ్లీ పెరిగే ప్రమాదం ఉంది. మరోవైపు, ఫైబ్రోఅడినోమాను ఫిల్లోడ్స్‌గా భావిస్తే యువతికి అనవసరంగా పెద్ద కోత పడుతుంది.

పరీక్షలు, వాటి పరిమితులు

వైద్యులు మూడంచెల పరిశీలన చేస్తారు. మొదటిది చేతితో పరీక్ష, రెండోది అల్ట్రాసౌండ్ లేదా మామోగ్రఫీ, మూడోది కణజాల పరీక్ష. గడ్డ 3 సెంటీమీటర్లకు మించి ఉండటం, తక్కువ కాలంలో పెరగడం, లోపల ద్రవంతో కూడిన చీలికలు కనిపించడం ఫిల్లోడ్స్ అనుమానాన్ని పెంచుతాయి.

సన్నని సూదితో కణాలను మాత్రమే తీసే పరీక్ష ఇక్కడ తరచుగా సరిపోదు. కాస్త లావు సూదితో కణజాలపు ముక్కను తీసే కోర్ బయాప్సీ మరింత నమ్మదగినది. ఆధార కణజాలంలో కణాల సాంద్రత, కణ విభజన వేగాన్ని పాథాలజిస్టు సూక్ష్మదర్శినితో పరిశీలిస్తారు. అయినా ఒకే గడ్డ అన్ని భాగాల్లోనూ ఒకేలా ఉండకపోవచ్చు. సూది తగిలిన చోటు ఫైబ్రోఅడినోమాలా కనిపించి, అసలు స్వభావం పక్క భాగంలో దాగి ఉండే అవకాశం ఉంది. అందుకే స్కానింగ్, బయాప్సీ ఫలితాలు పరస్పరం సరిపోలకపోతే గడ్డను పూర్తిగా తొలగించి పరీక్షించాలని వైద్యులు సూచిస్తారు.

జన్యు పరీక్షలు సైతం ఇంకా సంపూర్ణ పరిష్కారం చూపలేదు. 2014లో సింగపూర్ శాస్త్రవేత్తలు ఫైబ్రోఅడినోమాల్లో తరచుగా కనిపించే 'మెడ్12' జన్యు మార్పును గుర్తించారు. తర్వాత అదే మార్పు ఫిల్లోడ్స్‌లోనూ బయటపడింది.

మహిళలు గుర్తుంచుకోవలసినవి

గతంలో ఫైబ్రోఅడినోమాగా తేలిన గడ్డ అకస్మాత్తుగా పెరిగినా, తొలగించిన చోటే మళ్లీ కనిపించినా ఆలస్యం చేయకుండా వైద్యులను సంప్రదించాలి. పాత స్కానింగ్, బయాప్సీ నివేదికలను భద్రపరచుకోవాలి. వలస కుటుంబాలు ఊరు మారినా ఆ కాగితాలు వెంట ఉంటే, గడ్డ ఎంత కాలంలో ఎంత పెరిగిందో కొత్త వైద్యులు అంచనా వేయగలుగుతారు. సరైన నిర్ణయానికి అనేక సందర్భాల్లో ఆ ఒక్క వివరమే దారి చూపుతుంది.