డిక్కీలో సామాను పెట్టె చేయిస్తున్నారా? బరువు, బిగింపు, చట్టం ముందు చూసుకోండి

గుల్బర్గా ఉర్సుకైనా, అజ్మీర్ జియారత్‌కైనా, సెలవుల్లో పిల్లలతో కొండ ప్రాంతాలకైనా సొంత కారులో బయలుదేరే కుటుంబాలకు మొదటి తలనొప్పి సామానే. స్టవ్ అడుగున, దాని మీద దుప్పట్లు, వాటి మీద నీళ్ల క్యాన్. టీ పెట్టుకోవాలన్నా డిక్కీ మొత్తం దించాల్సిందే.

దీనికి ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాల్లో వారాల తరబడి వాహనంలోనే తిరిగేవాళ్లు ఎప్పటినుంచో వాడుతున్న ఉపాయం ఒకటుంది. డిక్కీలో చెక్క పెట్టె, దానికి రెండు సొరుగులు, పైన పడుకోవడానికి చదునైన పలక. ఇంట్లో కబోర్డు చేసే కార్పెంటరే దీన్నీ చేయగలడు. కానీ కబోర్డు కదలదు, కారు కదులుతుంది. లెక్క మారేది అక్కడే.

కొలతలు ఎలా?

డిక్కీ లోపలి వెడల్పు ఒక్కటే కొలిస్తే సరిపోదు. చాలా కార్లలో లోపలికన్నా తలుపు దగ్గర ఇరుకుగా ఉంటుంది. చక్రాల మీది ఉబ్బులు కూడా అడ్డొస్తాయి. ముందుగా అట్టపెట్టెలు కోసి నమూనా చేసి, లోపల పెట్టి చూసుకుంటే ప్లైవుడ్ వృథా కాదు. ఒకే పెద్ద పెట్టె బదులు రెండు చిన్నవి చేసి పక్కపక్కన పెడితే ఇద్దరు మనుషులు సులువుగా ఎక్కించి దించగలరు.

స్టెప్నీ ఎక్కడుందో చూడటం మర్చిపోవద్దు. అది డిక్కీ అడుగునే ఉంటే, పంక్చర్ అయినప్పుడు రోడ్డు పక్కన పెట్టె మొత్తం దించాలి. జాకీ, పానాలు మాత్రం ఎప్పుడూ చేతికి అందేచోటే ఉండాలి.

బరువు లెక్క

8×4 అడుగుల 18 మి.మీ. ప్లైవుడ్ షీటు సుమారు 30 నుంచి 35 కిలోలు తూగుతుంది. 12 మి.మీ. అయితే 20 నుంచి 23 కిలోలు. రెండు సొరుగుల పెట్టెకు దాదాపు రెండు షీట్లు పడతాయి. అంటే 18 మి.మీ.తో చేయిస్తే ఇంకో మనిషిని ఎక్కించుకున్నట్టే. సరైన చోట అడ్డపలకలు ఇస్తే చాలా కార్లకు 12 మి.మీ. చాలు.

కారు మాన్యువల్‌లో మొత్తం బరువు పరిమితి, ఖాళీ బరువు రెండూ ఉంటాయి. ఈ రెండింటి తేడాయే మనుషులకు, సామానుకు మిగిలేది. ఉదాహరణకు తేడా 550 కిలోలు అనుకుందాం. 65 కిలోల చొప్పున ఐదుగురికి 325, పెట్టెకు 50, రెండు 20 లీటర్ల నీళ్ల క్యాన్లకు 40, మిగతా సామానుకు 80. మొత్తం 495. ఇక మిగిలింది 55 కిలోలే. టాప్ మీద క్యారియర్ ఉంటే దాని బరువూ ఇందులోనే కలపాలి. హద్దు దాటితే బ్రేకు వేసినా కారు ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది, టైర్లు వేడెక్కుతాయి.

బరువైన వస్తువులు కింద, వెనుక సీటుకు ఆనుకుని ఉండాలి. తేలికైనవి పైన, తలుపు వైపు పెట్టుకోవాలి.

బిగింపులోనే ప్రాణం

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు దేన్నైనా గుద్ది అర మీటరు దూరంలో ఆగిపోతే, లోపలి ప్రతి వస్తువు మీదా దాని బరువుకు దాదాపు 20 రెట్ల బలం పడుతుంది. 20 కిలోల నీళ్ల క్యాన్ 400 కిలోల బరువుతో ముందుకు దూకినట్టు. దాని ముందు సీట్లో కూర్చునేది పిల్లలే.

అందుకే పెట్టెను కారు అంతస్తులోని ఇనుప హుక్కులకు, నాలుగు మూలలా రాచెట్ బెల్టులతో లాగి కట్టాలి. సంచులు తగిలించే ప్లాస్టిక్ కొక్కేలు, హెడ్‌రెస్టులు, సీటు బెల్టులు దీనికి పనికిరావు. పెట్టె ఎత్తు, దాని మీది సామాను సీటు వీపు దాటకూడదు. దాటితే అద్దంలో వెనుక రోడ్డు కూడా కనపడదు.

సాధారణ టెలిస్కోపిక్ చానెల్ జత 35 నుంచి 45 కిలోల వరకు మోస్తుంది. అయితే ఎత్తు ఎక్కేటప్పుడు సొరుగు తనంతట తానే జారి తలుపును గుద్దుతుంది. కాబట్టి ప్రతి సొరుగుకూ గడియ తప్పనిసరి.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నంగా అయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది చట్ట సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడే వీలుంది. ఆర్సీలో సీట్ల సంఖ్య కూడా ఉంటుంది. ప్రమాదం జరిగినప్పుడు ఇలాంటి మార్పుల వల్ల ఇన్సూరెన్స్ క్లెయిమ్ కూడా చిక్కుల్లో పడొచ్చు. కాబట్టి సీట్లు పీకేయొద్దు, మడవండి. బాడీకి వెల్డింగ్, రంధ్రాలు వద్దు. ఇంటికి రాగానే బెల్టులు విప్పి దించేలా ఉంటే చాలు.

గ్యాస్, నీళ్లు, నిద్ర

గ్యాస్ గాలికన్నా బరువు. లీకైతే పెట్టె అడుగున చేరుతుంది. అందుకే సిలిండర్‌ను మూసి ఉన్న సొరుగులో పెట్టొద్దు, కారు లోపల స్టవ్ వెలిగించొద్దు. ఇంజిన్, ఏసీ ఆన్‌లో పెట్టి అద్దాలు మూసి నిద్రపోవడం ఇంకా ప్రమాదం. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన, రంగు ఉండవు.

కుళాయి ఉన్న నీళ్ల క్యాన్‌ను తలుపు వైపే గట్టిగా కట్టుకుంటే వుజూకు డిక్కీ తెరవడమే, ఏదీ దించక్కర్లేదు. నీళ్ల బరువు వెనుక చివర పడుతుంది కనుక అక్కడ ఒక్క క్యాన్ చాలు, రెండోది సీటు దగ్గర పెట్టండి. జానమాజ్, దస్తర్‌ఖాన్ పై అరలో ఉంచుకోవచ్చు.

పెట్టె సిద్ధమయ్యాక వెంటనే దూర ప్రయాణం పెట్టుకోవద్దు. పూర్తి సామానుతో ఊళ్లోనే ఒకరోజు తిప్పండి. ఖాళీ మైదానంలో తక్కువ వేగంతో గట్టిగా బ్రేకు వేసి చూడండి. పెట్టె అంగుళం జరిగినా, ఏదైనా చప్పుడు చేసినా బెల్టులు మళ్లీ బిగించాల్సిందే. దారిలోనూ ఆగిన ప్రతిచోటా వాటిని ఒకసారి లాగి చూసుకోవాలి.